ఆహార్యశిల్పి స్థానం నరసింహారావుగారు

నాటకమును చదువుట వేరు, చూచుట వేరు. మన గ్రంథాలయపు బీరువానుండి శ్రీకృష్ణ తులాభారమును గాని, కన్యాశుల్కమును గాని ఇంటికి గొనిపోయి తీరికగా చదువుకొను చందాదారునకు సత్యభామయు మధురవాణియు మాటలుగానే దర్శనమిత్తురు. ఆ మాటలకు కనుబొమలు తీర్చి, జడ వేసి, చీర కట్టి, నడక నేర్పి రంగస్థలముపై నిలుపు విద్య మరియొకటి కలదు. శాస్త్రకారులు దానిని ఆహార్యమనిరి. నేటివారు మేకప్ అనుచున్నారు. ఆ విద్య నెరిగినవారి పేరు కరపత్రమున కడపటి పంక్తిలో నుండును. పెక్కుమార్లు అసలే యుండదు. అట్టి విద్యను తన ముఖముపైననే సాధనచేసి, పురుషుడై పుట్టి నలువది సంవత్సరములు తెలుగు రంగస్థలమున స్త్రీ పాత్రలకు పెట్టినది పేరని యనిపించుకొనిన మహానటుడు స్థానం నరసింహారావుగారు. ఆయన గతించి అర్ధశతాబ్దము దాటినది. ఆయనను రంగముపై కన్నులార చూచినవారు నేడు బహు అరుదు. కావున మన రజతోత్సవ సంచికలో ఆయన జీవితమును కొంత ముచ్చటించుకొనుట సముచితమని తలచితిమి.

ఆయన ఓరుగల్లువారు కారు, సముద్రతీరమువారు. అయినను ఆయన విద్య మనకు పరాయిది కాదు. కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతియగు జాయపసేనాని క్రీ.శ. 1253 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించినది ఈ ప్రాంతముననే. పాలకురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైల యాత్రికుల ఆటపాటలను, పలువిధములైన వేషములను కన్నులకు కట్టినట్లు వర్ణించెను. 1213లో నిర్మితమైన పాలంపేట రామప్ప దేవాలయమునకు పోయినవారు అచటి మదనికలను ఒక్కసారి ముఖమును విడిచి కేశబంధములను, ఆభరణములను మాత్రమే చూచుచు పోవలెను. ఒక్కొక్క కొమ్మకు ఒక్కొక్క తీరు ముడి, ఒక్కొక్క తీరు కట్టు. ఒకతె పాదములకు ఎత్తు మడమల పాదరక్షలు సైతము కలవు. ఇక మన చిందు యక్షగాన కళాకారుల మాట చెప్పనేల? పొణికి కర్రతో చెక్కిన కిరీటములు, భుజకీర్తులు దాల్చి, అరిదళముతో ముఖమును పసిమి చేసికొని, అద్దము ముందు తమ రంగును తామే దిద్దుకొను వారిని ఈ ప్రాంతమున ఎరుగనివారుండరు. జనగామ ప్రాంతపు చిందు కళాకారులు గడ్డం సమ్మయ్యగారిని 2024లో భారత ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది.

నరసింహారావుగారు 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించిరి. తండ్రి హనుమంతరావుగారు, తల్లి ఆదెమ్మగారు. సంపన్నుల ఇల్లు కాదు. తండ్రి మరణముతో కుటుంబ భారము యౌవనముననే ఆయనపై బడినది. ఆ దినములలో నాటకముల పిచ్చి కోస్తా జిల్లాలను ఊపివేయుచుండెను. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచే నాటకము నాడించిన నాటినుండి, బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటకమును పద్యములతో పాటలతో నింపిన నాటినుండి, ప్రతి పట్టణమునందును ఒక సమాజము, ప్రతి సమాజమునందును ఒక హరిశ్చంద్రుడు బయలుదేరిరి. హరిశ్చంద్రులు కావలసినంతమంది దొరకుదురు. చంద్రమతి దొరకుటయే కష్టము. గౌరవ కుటుంబములలోని స్త్రీలు రంగమెక్కుటను సంఘము సహింపదు. పురుషులలో గొంతు, ఆకృతి, ఓర్పు మూడును కూడినవాడు వేయింట ఒకడు.

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము జరుగవలసియుండగా చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు తీర్చుటకు నరసింహారావుగారికి ఆ వేషము గట్టిరి. అప్పటికి ఆయనకు పదునెనిమిదవ యేడు. ఒకని గైర్హాజరీచే లభించిన ఆ పాత్ర ఆయన వృత్తిని నిర్ణయించినది. అది కేవలము అదృష్టమని త్రోసివేయుటకు వీలులేదు. నాటకపు లోటు తీర్చుటకై వేషము కట్టినవారు ఆంధ్రదేశమున వందలకొలది యుందురు. మరునాడు రంగు కడిగివేసి ఎవరి పనికి వారు పోయినవారే యందరును. ఆయన మాత్రము ఆ రంగును గూర్చి ఆలోచింప మొదలిడిరి.

పిమ్మట తెనాలి చేరి శ్రీరామ విలాస సభలో ప్రవేశించిరి. ఆ సభ నాడు నటరత్నముల గని. మాధవపెద్ది వెంకటరామయ్యగారు, గోవిందరాజుల సుబ్బారావుగారు మొదలగు దిట్టలు అందుండిరి. అట్టివారి ఎదుట స్త్రీ వేషముతో నిలిచి తేలిపోకుండుట చిన్న పరీక్ష కాదు. అచటనే ఆయనకు కీర్తియు, దానితోపాటు సంపాదనయు మొదలైనవి. కుటుంబము నిలిచినది. వేషము కట్టి జీవించుట యనగా ఆ కాలమున బంధువులు తల వంచుకొను విషయము. అందును ఆడవేషము కట్టుట యనగా వీధిలో ఎగతాళి. అన్నము పెట్టిన విద్యను అవమానపు చూపుల నడుమ కాపాడుకొనుచు వచ్చుట యెట్టిదో అనుభవించినవారికే తెలియును.

ఇచట ఆ విద్యను గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. భరతముని ఆహార్యమును నేపథ్యముగా వివరించి దానిని పుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని నాలుగు విధములుగా విభజించెను. అంగరచన యనగా శరీరమునకు రంగు పూయుట. తెలుపు, నీలము, పసుపు, ఎరుపు మూలవర్ణములు. మిగిలినవి వీని కలయికలు. ఇది రెండు వేల యేండ్ల నాటి మాట. పల్లెలలోని వేషధారులు అరిదళము, ఇంగిలీకము, సఫేదా, కాటుక నూరుకొని పూసికొనుచుండిరి. అరిదళము పాషాణపు జాతి ధాతువు. సఫేదా పేరితో అమ్మిన తెల్లపొడులలో సీసము కలిసినవియు నుండెను. రాత్రియెల్ల రంగముపై వెలిగిన ముఖము తెల్లవారుసరికి మండుచుండుట వారి కలవాటే. కాగడాల ఎర్రని వెలుగులో ఆ పసిమి రంగు బంగారమువలె మెరసెడిది. కాగడాలు పోయి పెట్రోమాక్సు దీపములు వచ్చినవి. పిదప విద్యుద్దీపములు వచ్చినవి. తెల్లని వెలుతురులో ఆ రంగే పాలిపోయి రోగిష్టి ముఖమువలె కనిపించును. దీపము మారినపుడు రంగు మారవలెను. ఈ చిన్న సత్యమును గుర్తింపక పాత పద్ధతినే పట్టుకొని నవ్వులపాలైన సమాజములు కొల్లలు.

1873లో జర్మనీ దేశమున బెర్లిను నగరమున లుడ్విగ్ లైఖ్నరు అను సంగీతనాటక గాయకుడు క్రొవ్వుతో కలిపిన రంగుకడ్డీలను తయారుచేయు సంస్థను స్థాపించెను. తన ముఖము మండుట చూచి నటుడే మందు కనిపెట్టెనన్న మాట! ఆ కడ్డీలు కాలక్రమమున మన దేశపు నాటక సమాజములకును చేరినవి. అయినను సరుకు వచ్చిన మాత్రమున పనితనము రాదు. పురుషుని ముఖమున క్షౌరము చేసిన గంటకే గడ్డపుచాయ నీలముగా తేలును. దానిపై తెల్లరంగు పూసినచో బూడిద వన్నె తేలును. ముందుగా ఎరుపు కలిసిన పూత పలుచగా వేసి, ఆ నీలిమను అణచి, దానిపై మేనిచాయ దిద్దవలెను. పురుషుని కనుబొమ బరువైనది; దానిని మరుగుపరచి పైన సన్నని గీత గీయవలెను. దవడ యెముకకు నీడ, చెక్కిలికి వెలుగు. పదడుగుల దూరమునకు చక్కగా తోచినది వెనుక వరుసలోని ప్రేక్షకునకు కనిపింపదు. వెనుకవానికై దిద్దినది ముందువానికి మోటుగా నుండును. ఈ రెంటి నడుమ తగిన కొలత అద్దము చెప్పదు, అనుభవమే చెప్పవలెను. పైగా పద్యము నెత్తి రాగము తీయునపుడు మెడనరములు ఉబ్బును, చెమట కారును. ఆడవేషమునకు అసలు శత్రువు ముఖము కాదు, మెడయు చేతులును! సవరము పెట్టి జడ వేసినంతనే స్త్రీ యైతినని మురిసిన వేషధారులను ఈ రెండును ఎన్నిసార్లు పట్టియిచ్చినవో.

స్థానంవారి గొప్పతనమంతయు ఈ తావుననే యున్నదని మా అభిప్రాయము. ఆయన స్త్రీత్వమను నొక ముసుగును తయారుచేసి ప్రతి పాత్రకు దానినే తగిలింపలేదు. పాత్రకొక స్త్రీని నిర్మించిరి. చంద్రమతి రాజ్యము పోయి అమ్ముడుపోయిన యిల్లాలు. ఆమెకు రంగు తగ్గవలెను, చీర నలగవలెను. సారంగధర నాటకములోని చిత్రాంగి సవతికొడుకును మోహించిన పడుచు రాణి. ఆమె అలంకారములో అందముతోపాటు ఆతురము కనిపింపవలెను. విప్రనారాయణలోని దేవదేవి వేశ్యయై యుండి భక్తుని లోబరచుకొనుటకై నిరాడంబర వేషము దాల్చును. అనగా అలంకారము లేకుండుటయే ఆమె అలంకారము. కొప్పరపు సుబ్బారావుగారి రోషనార మొగలాయి అంతఃపుర స్త్రీ; ఆమె కట్టు వేరు, నిలుకడ వేరు. ఇక గురజాడవారి మధురవాణి పురాణపు స్త్రీ కాదు, విజయనగరపు వీధిలో నిన్న మొన్న నడచిన వేశ్య. ఆమెకు కిరీటముండదు, వడ్డాణపు జిగిబిగి యుండదు. చూచువారు తమ యెరుకలోని స్త్రీతో పోల్చి చూతురు. నాటకాంతమున ఆ మధురవాణి మగవేషముతో సౌజన్యారావు పంతులుగారి యింటికి పోవును. పురుషుడు స్త్రీయై, ఆ స్త్రీ మరల పురుషుడై, ఆ పురుషవేషములో స్త్రీ యున్నదని సభకు తెలియునట్లు నటింపవలెను. రంగు దిద్దువాని చేతికి ఇంతకన్న గట్టి పరీక్షను ఏ నాటకకర్తయు పెట్టియుండడు.

అన్నిటికిని మకుటము ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారములోని సత్యభామ. ఆమె గర్వమంతయు సొగసులోను సొమ్ములలోను కలదు. నారదుని మాట నమ్మి భర్తను దానమిచ్చి, తిరిగి తూచి తెచ్చుకొనుటకై తన నగలన్నియు త్రాసులో పోయుచు పోవును. కాసులపేరు పోవును, వంకీలు పోవును, నాగరము పోవును. త్రాసు కదలదు. తుదకు రుక్మిణి యుంచిన తులసీదళముతో కదలును. కథ అందరును ఎరిగినదే. ఆహార్యపు దృష్టితో చూచినపుడు దానిలో మరియొక సంకటము కలదు. పురుషుని భుజమును, మణికట్టును కప్పుచు వేషమును కాపాడునవి ఆ నగలే. అవి ఒక్కొక్కటి జనుల యెదుటనే తీసివేయుచుండగా స్త్రీ చెదరిపోక, నగలు లేని సత్యభామయే సభయెదుట మిగులవలెను. అప్పుడు రంగుకన్న వ్రేళ్ళ కదలికయు, పైట సవరించుకొను తీరును వేషమును మోయవలెను. రంగు ఎంతవరకు పనిచేయునో, ఎచట చేతులెత్తి నటనకు అప్పగించునో ఎరిగినవాడే ఆహార్యమున పండితుడు.

ఆ నాటకమున సత్యభామ పాడు మీరజాలగలడా పాటను ఆయన స్వయముగా రచించి పాడిరి. ఒక్కొక్క పాదమును తిప్పి తిప్పి, ప్రతిసారి ఒక క్రొత్త భావముతో అభినయించెడివారనియు, సభ వన్సుమోరులతో మారుమ్రోగెడిదనియు, మరునాడు ఆడువారు ఆయన చీరకట్టును, కొప్పును అనుకరించెడివారనియు పెద్దలు చెప్పుకొనుచుండిరి. స్త్రీని చూచి నేర్చుకొన్నవానిని చూచి స్త్రీలు నేర్చుకొనుట వింతయే. అట్టి వింత మహారాష్ట్రమున బాలగంధర్వుని విషయమునను జరిగినది. గుజరాతీ రంగమున జయశంకరుడు సుందరి పాత్రను ధరించి ఆ పేరే ఇంటిపేరువలె స్థిరపరచుకొనెను. చీనా దేశమున మే లాన్‌ఫాంగ్ అను నటుడు స్త్రీ పాత్రలతోనే లోకవిఖ్యాతుడయ్యెను. వీరందరును దాదాపు సమకాలికులే.

1938లో రంగూను పౌరులు స్థానంవారికి బంగారు కిరీటమును బహూకరించిరి. కాకినాడ, విశాఖపట్టణముల రేవులనుండి ఓడలెక్కి బర్మా చేరి మిల్లులలోను రేవులలోను శ్రమించుచుండిన తెలుగువారు అప్పుడచట లక్షల సంఖ్యలో నుండిరి. ఇల్లు విడిచి వచ్చిన ఆ శ్రామికులకు సముద్రమున కావల తెలుగు సత్యభామ కంటబడినప్పుడు కలిగిన యుప్పొంగును ఊహించుకొనవచ్చును. నాలుగేండ్లు తిరుగక మునుపే జపాను యుద్ధము వచ్చి వారిలో పెక్కురు కాలినడకను అడవులుబడి స్వదేశమునకు మరలవలసి వచ్చినది.

ఆయన కీర్తితోపాటు ఒక వివాదమును పెరుగుచు వచ్చినది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని బళ్ళారి రాఘవగారు గట్టిగా వాదించి, విద్యావతులైన స్త్రీలను రంగమునకు తోడ్కొనివచ్చిరి. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున మొదలైన సురభివారు అంతకు ముందునుండియే తమ ఇంటి ఆడపడుచులతో ఆడుచుండిరి. రాఘవగారి పక్షము న్యాయమైనది. కాలమును ఆ పక్షముననే నిలిచినది. పురుషుడు ఎంత చక్కగా నటించినను స్త్రీకి దక్కవలసిన స్థానమును తానాక్రమించుచున్నాడను మాట కాదనరానిది. అయినను ఆ వాదమును స్థానంవారిపై నేరముగా మోపుట అన్యాయము. తలుపు మూసినది సంఘము. మూసిన తలుపు ముందు ఆయన ఒక కళను నిర్మించుకొనిరి. స్త్రీలు రంగమునకు వచ్చిన పిదపను ఆయన ప్రక్క నిలిచి చూచినవారు ఆయన పనితనమును తగ్గించి చెప్పలేదు. మన తెలంగాణమున చిందుల ఎల్లమ్మగారు పురుష పాత్రలను సైతము ధరించి మెప్పించి 2005లో స్వర్గస్థులైరి. విద్యకు వేషము అడ్డు రాలేదు, అటునుండియు ఇటునుండియు.

ఈ సందర్భమున ఒక చిత్రమైన సంగతి చెప్పక తప్పదు. రంగము స్త్రీలకు తెరచుకొన్నది. కాని రంగులపెట్టె చాలకాలము తెరచుకొనలేదు. సినిమా పరిశ్రమలో ముఖమునకు రంగు దిద్దు పని పురుషులదని, స్త్రీలు జుట్టు దువ్వుటకు మాత్రమే అర్హులని బొంబాయిలోని ఆ వృత్తిసంఘము దశాబ్దముల తరబడి నియమము పాటించినది. చారు ఖురానా అను కళాకారిణియు మరికొందరును న్యాయస్థానమున పోరాడగా 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నియమము చెల్లదని తీర్పు చెప్పినది. స్థానంవారు చంద్రమతి వేషము కట్టిన తొంబదినాలుగేండ్లకు గాని స్త్రీకి స్త్రీ ముఖము దిద్దు హక్కు చట్టసమ్మతముగా దక్కలేదు! మన గ్రామములందు పెండ్లికూతురిని అలంకరించుటయే వృత్తిగా నెంచుకొనుచున్న యువతులు నేడు కలరు. ఆ వృత్తిని తక్కువగా చూచు పెద్దలును కలరు. వారుభయులును ఈ సంగతి నెరిగియుండుట మేలు.

స్థానంవారు సుమారు 1500 ప్రదర్శనములలో నటించిరి. తమ పాత్రలను, రంగస్థలానుభవములను నటస్థానము అను గ్రంథమున పొందుపరచిరి. నటులు వ్రాసిన పుస్తకములు మనకు బహు కొలది. వేషధారి తన రహస్యమును పెట్టెలో దాచి తాళము వేసికొనుట పరిపాటిగా నుండిన కాలమున దానిని అచ్చువేసి లోకమునకిచ్చుట ఔదార్యమే. ఆ పుస్తకము ఎచటనైన లభించినచో మన గ్రంథాలయమునకు సంపాదింపవలసినదిగా కార్యదర్శిగారికి మా మనవి. 1956లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమునిచ్చినది. ఆడవేషగాడని వీధులలో నవ్విన సంఘమే అప్పుడు సన్మాన సభలు చేసినది. ఆ సభలలో ఆయన ముఖమున ఏ రంగును లేదు.

1966లో శ్రీకృష్ణ తులాభారము చలనచిత్రముగా వచ్చినపుడు అందు ఆయన పాటను చేర్చుకొనిరి. సుశీలగారు పాడగా సత్యభామ వేషమున జమునగారు అభినయించిరి. పురుషుడు తన స్త్రీ పాత్రకై కూర్చుకొనిన పాట ఆ విధముగా స్త్రీ కంఠమునకును స్త్రీ ముఖమునకును చేరినది. ఐదేండ్ల పిదప, 1971 ఫిబ్రవరి 21వ తేదీన నరసింహారావుగారు పరమపదించిరి. ఆ పాట నేటికిని పెండ్లిపందిళ్ళలోను, పాఠశాలల వార్షికోత్సవములలోను వినబడుచున్నది. దానికి అభినయించు బాలికలు పైట చెరగును వ్రేలికి చుట్టుకొని మెడ ఓరగా త్రిప్పుదురు.